మన పక్షుల మీద అపోహలు - వాస్తవాలు: ఏది మామూలు, ఏది అరుదు, ఏది నిజంగా సైబీరియాది

ఆంధ్ర, తెలంగాణ కలిపి చూస్తే నాలుగు వందలకు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. రోజూ మన కంటపడేవి వాటిలో ముప్పయ్యో నలభయ్యో. మిగతావాటి గురించి మనకు తెలిసిందల్లా పేపర్లో ఫొటో కింద రాసిన రెండు ముక్కలు, వాట్సాప్ ఫార్వర్డ్‌లు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన మాటలు. నేను పక్షుల సర్వేలకు వెళ్తుంటాను, కొత్తగా చూడాలనుకునేవాళ్లను చెరువుల దగ్గరికి తీసుకెళ్తుంటాను. ఎక్కడికెళ్లినా అవే మాటలు వినిపిస్తాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా, ఈసారి ఎవరైనా అడిగితే ఇదే పంపేస్తా.

అపోహ: మన ఊళ్లలో చెట్ల మీద గూళ్లు కట్టే పెద్ద కొంగలన్నీ సైబీరియా నుంచి వస్తాయి

ముందు దీని సంగతి చూడాలి, ఎందుకంటే ఏటా "సైబీరియా అతిథులు వచ్చేశారు" అని హెడ్డింగు పెట్టి కింద ఎర్రకాళ్ల కొంగ ఫొటో వేస్తారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో దిగే ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు (పెలికాన్‌లు), తేలుకుంచిలో గూళ్లు కట్టే ఓపెన్‌బిల్ కొంగలు, గుంటూరు పక్క ఉప్పలపాడు చెరువులో చెట్ల నిండా కనిపించేవి, నేలపట్టులో పిల్లల్ని పెంచే గూడబాతులు, వీటిలో ఏ ఒక్కటీ సైబీరియా మొహం చూసినది కాదు. ఎర్రకాళ్ల కొంగ ఉండేదే దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లో. మన గూడబాతు కూడా అంతే.

మరి ఏడాదిలో కొన్ని నెలలే ఎందుకు కనిపిస్తాయంటే, పిల్లల్ని పెంచడానికి సరిపడా తిండి దొరికే కాలం చూసుకుని గూళ్ల దగ్గరికి చేరతాయి, ఆ పని అయిపోగానే చుట్టుపక్కల చెరువులకు, పక్క జిల్లాలకు, పక్క రాష్ట్రాలకు చెదిరిపోతాయి. ఓపెన్‌బిల్‌కు కావాల్సింది నత్తలు, అవి వానలతో పుష్కలంగా దొరుకుతాయి, అందుకని అది తొలకరికే వచ్చేస్తుంది. ఎర్రకాళ్ల కొంగకు, గూడబాతుకు చేపలు కావాలి, చెరువులు నిండి చేపలు ఎదగాలి కాబట్టి వానాకాలం చివర్లో వస్తాయి. పులికాట్ రాజహంసల్నీ (ఫ్లెమింగోలు) ఇదే గాటన కట్టేస్తారు, మన దేశంలో అవి పిల్లల్ని పెట్టే పెద్ద చోటు గుజరాత్‌లోని కచ్ రణ్.

ఒక్క సూత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. మన దగ్గర గూడు కట్టి గుడ్లు పెడుతోందంటే అది మన పక్షే. చలికాలానికి ఉత్తరం నుంచి వచ్చేవి ఇక్కడ తిని, బలం పుంజుకుని వెళ్లిపోతాయి తప్ప గూడు కట్టవు.

నిజంగా సైబీరియా నుంచి వచ్చేవాటిని ఎవరూ పట్టించుకోరు, అదే నాకు నవ్వొచ్చే విషయం. కాకినాడ తీరంలోనో పులికాట్ అంచునో బురదలో ముక్కు పెట్టి కెలుకుతూ పరిగెత్తే కర్లూ శాండ్‌పైపర్ అని ఒక చిన్న పిట్ట ఉంది, బరువు 50-60 గ్రాములు, ఉత్తర ధ్రువం పక్కన సైబీరియా టండ్రాలో పుట్టి ఇంత దూరం వస్తుంది. జొన్న చేల గట్ల మీద, తుమ్మ కొమ్మల చివర కూర్చునే సైబీరియన్ స్టోన్‌చాట్ అయితే పిచ్చుకకన్నా చిన్నది. వీటి ఫొటో పేపర్లో పడటం నేనైతే చూడలేదు. పట్టె తల బాతులు, అంటే తల వెనక రెండు నల్ల చారలుండే బార్ హెడెడ్ గూస్‌లు, మన చెరువులకు వచ్చేది టిబెట్, లద్దాఖ్, మంగోలియా వైపు నుంచి, అదీ హిమాలయాలు దాటుకుని. ఇక అసలు సైబీరియా కొంగ, తెల్లగా ఉండే ఆ క్రేన్, చలికాలం గడపడానికి రాజస్థాన్ భరత్‌పూర్‌కు వచ్చేది, 2002 తర్వాత అక్కడికి కూడా రావడం మానేసింది.

అపోహ: సెల్ టవర్ల రేడియేషన్ వల్ల పిచ్చుకలు అంతరించిపోయాయి

ఇందులో రెండు తప్పులున్నాయి. పిచ్చుక అంతరించలేదు. దేశమంతటా పక్షులు చూసేవాళ్లు రాసిన లిస్టులన్నీ కలిపి 2020లో వేసిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పాతికేళ్లుగా పిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగా ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో, అందులో హైదరాబాద్ కూడా ఉంది. నగరంలో ఉండి రాసేవాళ్లే ఎక్కువ కాబట్టి దేశంలోనే పోయిందన్న ప్రచారం వచ్చింది. ఏదైనా చిన్న టౌన్ బస్టాండుకో బియ్యం కొట్ల బజారుకో వెళ్లి చూడండి, కాళ్ల దగ్గర గింజలు ఏరుకుంటూ ఉంటాయి.

టవర్ల సంగతి: దానికి గట్టి ఆధారం ఇప్పటిదాకా లేదు, అదే నివేదిక కూడా ఆ మాట చెప్పింది. బ్రిటన్‌లో పిచ్చుకలు తగ్గడం మొదలైంది 1970ల చివర్లో, అప్పటికి సెల్‌ఫోన్ ఎక్కడిది? పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ గుడ్డు నుంచి బయటికొచ్చిన కొత్తలో పిల్లకు పురుగులే కావాలి, మెత్తటి గొంగళి పురుగులు. అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు పోసి, మిగిలిన నాలుగడుగుల్లో విదేశీ మొక్కలు పెట్టి, నెలకోసారి మందు కొట్టిస్తే ఆ పురుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? పెంకుటిళ్ల దూలాల సందులు, ఫొటో ఫ్రేముల వెనక చోటు పోయాయి, గాజు గోడకు గూడు పెట్టుకోలేదు కదా. కారణం ఇదొక్కటే అని ఎవరూ తేల్చలేదు కానీ టవర్ మీదికి తోసేస్తే మాత్రం మన ఇంటి ముందు సిమెంటు గురించి మాట్లాడక్కర్లేకుండా పోతుంది, అందుకే ఆ కథ అంత బాగా అమ్ముడుపోయిందని నా అనుమానం.

గూడు పెట్టె కొని గోడకు తగిలిస్తే పిచ్చుకలు వచ్చేస్తాయా అని అడుగుతారు. దగ్గర్లో పిచ్చుకలు ఉంటే, పురుగులుంటే, రావచ్చు. లేకపోతే ఖాళీ పెట్టె.

అపోహ: పాలపిట్ట మామూలు పక్షే, దసరాకు తప్ప మనం వెతకం కాబట్టి కనపడదు అంతే

కొన్నేళ్ల క్రితం వరకు ఈ మాట కొంతవరకు చెల్లేదేమో. అదే 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' 2023 నివేదికలో దేశవ్యాప్తంగా పాలపిట్టలు దాదాపు 30 శాతం తగ్గాయని తేలింది, ముప్పు స్థాయిని మళ్లీ అంచనా వేయాల్సిన జాతుల్లో దాన్నీ చేర్చారు. ఇప్పటికీ ఊళ్ల మధ్య రోడ్డు మీద పోతుంటే కరెంటు తీగ మీద కనిపిస్తుంది, నిజమే. మామూలు పక్షి అనుకుంటూ ఉండగానే తగ్గిపోయే రకం ఇది, రోజుకు పది కనిపించే చోట ఏడు కనిపిస్తే ఎవరికీ తేడా తెలియదు.

దసరా రోజు కాళ్లు కట్టేసి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులివ్వకండి. పట్టుకోవడం, బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, పైగా అలా పట్టిన వాటిలో చాలావరకు రెక్కలు పాడై, తిండి లేక చచ్చిపోతాయి. పొలం వైపు వెళ్లి ఎగురుతుండగా చూడండి, కూర్చున్నప్పుడు మట్టిరంగులో ఉన్నదే రెక్క విప్పితే ఎంత నీలమో.

పనిలో పని, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి ఇప్పుడు పాలపిట్ట కాదు. 2018 నుంచి రామచిలుక. పాలపిట్ట తెలంగాణది. పోటీ పరీక్షల వాళ్లు కూడా దీన్ని తప్పు రాస్తుంటారు.

అపోహ: చెట్లు ఎన్ని ఎక్కువ నాటితే పక్షులు అంత పెరుగుతాయి

ఈ ఒక్క మాట మీద నాకు జనంతో గొడవైనంతగా ఇంకో దాని మీద కాలేదు. నగరంలో, రోడ్ల పక్కన, చెట్లు నరికేసిన అడవిలో నాటితే మంచిదే. కానీ రాయలసీమలో, తెలంగాణలో మనం బీడు అని, బంజరు అని పిలిచే గడ్డినేలలు, ముళ్లపొదల నేలలు ఖాళీ భూములు కావు, వాటిని నమ్ముకున్న పక్షులు వేరే ఉన్నాయి. దేశంలో ఎక్కువగా తగ్గిపోతున్న వాటిలో ఇలాంటి బయలు నేలల పక్షులే ముందున్నాయి. అక్కడ గుంతలు తవ్వి వరుసగా మొక్కలు పెడితే మనకు పచ్చగా కనిపిస్తుంది, వాటికి ఇల్లు పోతుంది.

బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) చూడండి. మీటరు ఎత్తుండే పక్షి, దాని కోసం 1988లో కర్నూలు దగ్గర రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడికెళ్తే బోర్డు మీదే చూడాలి దాదాపు. కలివి కోడి (జెర్డన్స్ కోర్సర్) ఇంకా విచిత్రం. 1848లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, పోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల కొండల దగ్గర చిట్టడవిలో మళ్లీ దొరికింది. ఎనభై ఆరేళ్లు కనపడలేదంటే ఎంత అరుదో అనుకుంటాం గానీ, అది రాత్రిపూట తిరిగే పిట్ట, మనిషి అలికిడికి పొదల్లోకి పరిగెత్తి మాయమైపోతుంది, పైగా రాత్రిళ్లు ఆ ముళ్లపొదల్లో వెతికేవాళ్లెవరు? అది కోరుకునేది మరీ దట్టంగా కాకుండా, మరీ ఖాళీగా కాకుండా పొదల మధ్య మట్టి నేల కనిపించే చోటు. పశువుల మేపు, కట్టెలు కొట్టడం ఒక మోతాదులో ఉంటేనే అలాంటి నేల నిలుస్తుంది. కాలువ తవ్వినా, తోట వేసినా, అడవి పెంచినా దానికి దెబ్బే. దాన్ని వెతుక్కుంటూ టార్చి లైట్లు వేసుకుని గుంపులుగా వెళ్లాలని కొందరికి సరదా, దయచేసి వద్దు.

అపోహ: కోకిల వసంతంలోనే వస్తుంది

ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో నోరు మెదపదు, మర్రి, రావి ఆకుల్లో దాక్కుని పళ్లు తింటూ కూర్చుంటుంది, ఎండలు మొదలయ్యేసరికి మగది కూయడం మొదలుపెడుతుంది. అవును, పాడేది మగదే, నల్లగా ఎర్ర కళ్లతో ఉండేది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది కాబట్టి దాన్ని చూసి ఇదేదో వేరే పక్షి అని ఫొటో పంపేవాళ్లు చాలామంది. పైగా ఇది తగ్గుతున్నది కాదు, 2000 నుంచి చూస్తే దేశంలో బాగా పెరిగిన పక్షుల్లో కోకిల ఒకటి, నెమలి, పావురం కూడా. పల్లెల్లో నెమళ్లు చేలమీద పడుతున్నాయని రైతులు చెప్పేది కల్పన కాదు.

పావురాల గురించి ఒక మాట: బాల్కనీలో గింజలు చల్లి పక్షుల్ని కాపాడుతున్నామనుకునేవాళ్లు కాపాడుతున్నది ఎవరి కాపుదలా అక్కర్లేని పక్షిని.

అపోహ: మా పెరట్లోకి హమ్మింగ్ బర్డ్ వచ్చింది

రాలేదండీ. హమ్మింగ్ బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప ఇంకెక్కడా లేవు. మీరు చూసింది తేనెపిట్ట, మన దగ్గర చాలా మామూలు, మందార మొక్క ఉంటే చాలు. సాయంత్రం వేళ పూల ముందు గాల్లో నిలబడి తాగేదైతే అది పక్షి కూడా కాకపోవచ్చు, హాక్ మాత్ అనే చిమ్మట.

అపోహ: ఆకాశంలో గిరికీలు కొట్టే పెద్ద పక్షులు రాబందులు

ఊళ్ల మీద తిరిగేవి గద్దలు. ఎగిరేటప్పుడు తోక చివర మధ్యలో చీలినట్టు ఉంటే గద్దే. రాబందులు 1990ల నుంచి కుప్పకూలిపోయాయి, కారణం అడవులు నరకడం అనుకుంటారు గానీ అసలు కారణం పశువులకు ఇచ్చే నొప్పి మందు డైక్లోఫినాక్. ఆ మందు ఒంట్లో ఉన్న పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు పాడైపోతాయి. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు, 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మీద కూడా నిషేధం పెట్టారు. తెలంగాణలో 2013లో ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద వాటి గూళ్లు బయటపడ్డాయి. మీ ఇంటి డాబా మీంచి కనిపిస్తే ఫొటో తీసి పంపండి, ముందు తోక చూసుకుని.

అపోహ: తీతువు పిట్ట అరిస్తే ఎవరో పోతారు

ఎవరూ పోరు. చెరువు గట్లు, ఖాళీ ప్లాట్లు ఉన్న ప్రతిచోటా ఉండే పిట్ట ఇది. నేల మీద రాళ్ల మధ్యే గుడ్లు పెడుతుంది, కుక్కో మనిషో అటు వస్తే పగలైనా రాత్రైనా గోల చేస్తుంది.

అపోహ: యాప్ చెప్పిందంటే ఆ పక్షి అక్కడ ఉన్నట్టే

కూత విని పేరు చెప్పే యాప్‌లు బాగున్నాయి, నేనూ వాడతాను. కానీ ఏట్రింత, అంటే నల్లగా, తోక చీలి ఉండే డ్రాంగో, అలాంటి పక్షులు వేరే పక్షుల కూతలు అచ్చంగా దించేస్తాయి. కరెంటు తీగ మీద ఏట్రింత కూర్చుని డేగలా అరిస్తే యాప్ డేగ అనే చూపిస్తుంది, మీరు దాన్నే లిస్టులో ఎక్కిస్తే ఆ ఊళ్లో డేగ ఉన్నట్టు రికార్డు అయిపోతుంది. ఏ పక్షి ఎంత మామూలో తేల్చేది ఈ లిస్టులే: ఒక చోట రాసిన వంద లిస్టుల్లో ఆ పక్షి ఎన్నింటిలో ఉందో చూస్తారు. అందుకని అరుదైన దాన్ని ఒక్కదాన్నే రాసి కాకిని, గోరింకను వదిలేస్తే కూడా లెక్క చెడిపోతుంది. పావుగంట ఒకచోట నిలబడండి, కనిపించిన, వినిపించిన ప్రతిదీ రాయండి, కాకులు ఎన్నో కూడా. గుర్తుపట్టలేనిది ఉంటే పేరు ఊహించకుండా 'తెలియని పిట్ట' అని వదిలేయండి, ఫొటో ఉంటే ఎవరో ఒకరు చెప్తారు.