కథా గేములకు కాలం చెల్లిందన్న మాట ఎక్కడ పుట్టింది?

2017 అక్టోబరులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ తన విసెరల్ గేమ్స్ స్టూడియోను మూసేసింది. అక్కడ తయారవుతున్న స్టార్ వార్స్ గేమ్ కథ మీద నడిచే, ఒక్కరే ఆడుకునే సింగిల్ ప్లేయర్ గేమ్. జనం చాలాకాలం పాటు మళ్లీ మళ్లీ వచ్చి ఆడాలంటే దాని స్వరూపమే మార్చాలని సంస్థ చెప్పుకుంది. దాంతో సింగిల్ ప్లేయర్ పని అయిపోయిందన్న మాట ఊపందుకుంది.

ఆ తర్వాత జరిగింది వేరు. 2019 ఫిబ్రవరిలో అదే సంస్థ నుంచి ఆంథెమ్ వచ్చింది. నలుగురు జట్టుగా ఏళ్ల తరబడి ఆడాలని తీసిన ఆన్‌లైన్ గేమ్ అది. అది నిలదొక్కుకోలేదు. దాన్ని సరిచేసే పనిని 2021లో ఆపేశారు, 2026 జనవరిలో దాన్ని నడిపే సంస్థ కంప్యూటర్లను, అంటే సర్వర్లను, కట్టేశారు. డిస్కు దాచుకున్నవాళ్లకు కూడా ఇప్పుడు అది తెరుచుకోదు. 2019 నవంబరులో అదే సంస్థ నుంచి వచ్చిన స్టార్ వార్స్ కథా గేమ్ జెడై: ఫాలెన్ ఆర్డర్‌లో పలువురు కలిసి ఆడే మల్టీప్లేయర్ లేదు, లోపల ఏముందో తెలియకుండా డబ్బుపెట్టి కొనే లూట్ బాక్సులు లేవు. అది బాగా అమ్ముడుపోయి, 2023లో రెండో భాగం కూడా వచ్చింది.

మల్టీప్లేయర్ కొత్తది, కథా గేమ్ పాతది అని చాలామంది అనుకుంటారు. నిజానికి వరస తిరగబడి ఉంది. 1962లో ఎంఐటీలో పీడీపీ-1 కంప్యూటర్ మీద పుట్టిన స్పేస్‌వార్ ఇద్దరి ఆట. 1972 నాటి పాంగ్ కూడా ఇద్దరి ఆటే. పాంగ్ యంత్రంలో ప్రాసెసర్ లేదు, ప్రోగ్రామూ లేదు, ఉన్నవి లాజిక్ చిప్‌లు మాత్రమే. ఎదురు నిలిచి ఆడే తెలివి యంత్రానికి లేదు కాబట్టి రెండో మనిషి తప్పనిసరి అయ్యాడు. ఒంటరిగా ఆడే కథా గేమ్ రావాలంటే యంత్రానికి కాస్త బుద్ధి రావాలి. 1976లో విల్ క్రౌథర్ ఒక గుహ చుట్టూ అక్షరాలతోనే నడిచే అడ్వెంచర్ రాశాడు, మరుసటి ఏడాది డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. 1978లో స్పేస్ ఇన్వేడర్స్ వచ్చింది. అదే ఏడాది ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ ఆ అక్షరాల లోకంలోకే ఒకేసారి పలువురిని దింపి మడ్ తయారుచేశారు. రెండు శాఖలూ అప్పటి నుంచే పక్కపక్కన పెరుగుతున్నాయి.

కథకు అసలు అడ్డంకి కథనం కాదు, గుర్తుపెట్టుకోవడం. ఆర్కేడ్ యంత్రం నాణెం మింగి కొద్ది నిమిషాల్లో ఆటగాణ్ని బయటికి పంపాలి. నలభై గంటల కథ చెప్పాలంటే నిన్న ఎక్కడ ఆపామో యంత్రానికి తెలియాలి. జపాన్‌లో 1986 నాటి డ్రాగన్ క్వెస్ట్ ఇందుకు 20 అక్షరాల పాస్‌వర్డ్ ఇచ్చేది. 1987లో వచ్చిన రెండో భాగంలో అది 52 అక్షరాల దాకా పెరిగింది. కాగితం మీద ఎక్కించుకోవాలి, మర్నాడు తప్పు లేకుండా కొట్టాలి. ఒకేలా కనిపించే రెండు జపనీస్ అక్షరాల్లో ఒకదాని బదులు ఇంకొకటి రాసుకుంటే వారం శ్రమ గంగపాలు.

1987లో అమెరికాకు వచ్చిన జెల్డా గేమ్ కార్ట్రిడ్జ్ (యంత్రంలో గుచ్చే గేమ్ డబ్బా) దీన్ని వేరే దారిలో పరిష్కరించింది. లోపల కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే 8 కిలోబైట్ల ర్యామ్, దానికి ప్రాణం నిలిపే నాణెమంత సీఆర్2032 బ్యాటరీ. ముగ్గురి ఆట అందులో విడివిడిగా నిలిచేది. అయితే ఆపేటప్పుడు రీసెట్ బటన్ నొక్కిపట్టుకుని పవర్ తీయాలన్న హెచ్చరిక ఉండేది. దీన్ని మూఢనమ్మకంలా పాటించినవాళ్లే ఎక్కువ గానీ కారణం గట్టిదే. కరెంటు పడిపోతున్న ఆ క్షణంలో ప్రాసెసర్ అదుపు తప్పి ర్యామ్‌లో చెత్త రాయగలదు. రీసెట్ నొక్కి ఉంటే ప్రాసెసర్ నిలిచిపోతుంది, రాయదు. ఇప్పుడు ఆ కార్ట్రిడ్జ్‌లలో చాలావాటి బ్యాటరీలు అయిపోయాయి. బ్యాటరీని బోర్డుకు టంకం వేసి బిగించారు కాబట్టి మార్చాలంటే టంకం కరిగించి తీయాలి, తీయగానే ఉన్న సేవ్‌లు పోతాయి. గేమ్ మాత్రం చెక్కుచెదరదు. చనిపోయిన బ్యాటరీతో కూడా మొదటి నుంచి ఆడుకోవచ్చు.

నెట్‌వర్క్ మీద ఆడే మల్టీప్లేయర్ జనంలోకి వచ్చిన దారి 1993 డిసెంబరు నాటి కాల్పుల గేమ్ డూమ్‌ది. నలుగురిని లోకల్ నెట్‌వర్క్ మీద కలిపింది. అందులో ఆట సెకనుకు 35 అడుగులుగా నడిచేది, ఒక్కో అడుగు ఒక టిక్కు. ప్రతి టిక్కుకూ నలుగురి కదలికలూ అందరి కంప్యూటర్లకూ చేరాలి, ఒక్కరిది ఆలస్యమైతే మిగతా ముగ్గురూ ఆగాలి. ఆఫీసుల్లో, కళాశాలల్లో దాన్ని నిషేధించడానికి కారణం రక్తపాతమే కాదు. తొలి వెర్షన్ తన సమాచారపు ముక్కలను, అంటే ప్యాకెట్లను, నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ బ్రాడ్‌కాస్ట్ చేసేది. ఆడనివాళ్ల యంత్రాలు కూడా వాటిని విప్పి చూసి పారేయాల్సి వచ్చేది, నెట్‌వర్క్ మొత్తం ఈడ్చుకుంటూ నడిచేది. 1.2 వెర్షన్‌లో దీన్ని సరిదిద్దారు.

1996లో వచ్చిన క్వేక్, ఎవరు ఎక్కడున్నారో తేల్చే పెత్తనాన్ని సర్వర్‌కు అప్పగించింది. మోడెమ్ మీద ఆడేవాళ్లకు బటన్ నొక్కిన చాలాసేపటికి గానీ పాత్ర కదిలేది కాదు. ఆ ఏడాది డిసెంబరులో క్వేక్‌వరల్డ్ ఒక చిట్కా తెచ్చింది: సర్వర్ జవాబు కోసం ఆగకుండా ఆటగాడి కంప్యూటరే కదలికను ఊహించి చూపిస్తుంది, జవాబు వచ్చాక తేడా ఉంటే సరిచేస్తుంది. ఊహ తప్పినప్పుడు పాత్రను ఎవరో వెనక్కి గుంజినట్టు కనిపిస్తుంది. ఆన్‌లైన్ షూటర్లన్నీ ఇప్పటికీ దీని మీదే బతుకుతున్నాయి. అయినా దూరాన్ని ఎవరూ జయించలేదు. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 10,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే పోయి రావడానికే 100 మిల్లీసెకన్లు. సెకనుకు 60 ఫ్రేములు నడిచే గేమ్‌లో అది ఆరు ఫ్రేములు.

1998లో హాఫ్-లైఫ్ వచ్చింది. కథ చెప్పడానికి ఆటను ఆపి సినిమా వేయకుండా, పగ్గాలు ఆటగాడి చేతిలోనే ఉంచి చెప్పింది. దాని మీద అభిమానులు కట్టిన మార్పు గేమ్, అంటే మాడ్, 1999లో కౌంటర్-స్ట్రైక్ అయింది, 2000లో విడిగా అమ్మకానికి వచ్చింది. కథా గేమ్ కోసం తయారైన ఇంజిన్ (గేమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్) మీదే ప్రపంచంలో అందరికంటే ఎక్కువకాలం నడిచిన మల్టీప్లేయర్లలో ఒకటి పుట్టింది. ఈ రెంటినీ బద్ధశత్రువులుగా చూపే వాదనలు ఈ సంగతి ఎందుకో మరిచిపోతాయి.

శత్రుత్వం పెంచింది డబ్బు. 2002లో ఎక్స్‌బాక్స్ లైవ్, 2004లో హాలో 2, 2007లో కాల్ ఆఫ్ డ్యూటీ 4 వచ్చాక ప్రచురణకర్తల లెక్క మారింది. కథ పూర్తిచేసినవాడు డిస్కును సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేస్తాడు, ఆ అమ్మకంలో ప్రచురణకర్తకు పైసా రాదు. మల్టీప్లేయర్ ఉంటే డిస్కు ఇంట్లోనే ఉంటుంది. 2010లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆన్‌లైన్ పాస్ పెట్టి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఆన్‌లైన్ ఆడాలంటే 10 డాలర్లు కట్టాలంది. 2013లో దాన్ని వదిలేసింది. ఆ మధ్యకాలంలోనే బయోషాక్ 2, డెడ్ స్పేస్ 2, 2013 నాటి టూంబ్ రైడర్ వంటి కథా గేములకు మల్టీప్లేయర్ అతికించారు. స్పెక్ ఆప్స్: ద లైన్ మల్టీప్లేయర్‌ను ఏకంగా వేరే స్టూడియోతో చేయించారు, గేమ్ ప్రధాన డిజైనరే తర్వాత దాన్ని బాహాటంగా తప్పుపట్టాడు. ఈ అతుకులు చాలావరకు రెంటికీ చెడ్డ రేవడి అయ్యాయి.

ఎందుకు చెడ్డాయో అంకెల్లో చూడొచ్చు. పదిమంది ఆడే మ్యాచ్ అనుకుందాం. నాలుగు ప్రాంతాలు, మూడు మోడ్‌లు, ఐదు నైపుణ్య స్థాయులు పెడితే 60 వేర్వేరు వరుసలు అవుతాయి. ప్రతి వరుసలో నిమిషానికో మ్యాచ్ కుదరాలంటే నిమిషానికి 600 మంది కొత్తగా వచ్చి నిలబడాలి. మ్యాచ్ 20 నిమిషాలదైతే ఏ క్షణంలో చూసినా 12,000 మంది ఆడుతూ ఉండాలి. అదీ జనం అన్ని వరుసల్లోనూ సమానంగా సర్దుకుంటేనే, అలా ఎప్పుడూ సర్దుకోరు. ఆ సంఖ్య 3,000కు పడిందంటే నిరీక్షణ నాలుగు నిమిషాలు. దాన్ని తగ్గించడానికి నైపుణ్య స్థాయులు కలిపేస్తే కొత్తవాడు మొదటి రోజే ఆరితేరినవాడి చేతిలో చిత్తవుతాడు, రెండో రోజు రాడు. ప్రాంతాలు కలిపేస్తే పింగ్ (సర్వర్‌కు పోయి వచ్చే ఆలస్యం) పెరిగి పాతవాళ్లు విసుగెత్తి పోతారు. ఏం చేసినా జనం ఇంకా తగ్గుతారు. 2024 ఆగస్టు 23న వచ్చిన ఆన్‌లైన్ షూటర్ కాంకర్డ్‌కు మొదటి రోజు నుంచే జనం చాలలేదు. సెప్టెంబరు 6న సర్వర్లు ఆపి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కిచ్చారు.

కథా గేమ్‌కు ఈ గుంపు అక్కర్లేదు. పదేళ్ల తర్వాత కొన్నవాడికి తోడుగా ఒక్కడూ ఆడకపోయినా నష్టం లేదు, పైగా అప్పటికి లోపాలు సరిచేసిన వెర్షన్ దొరుకుతుంది. 2011 నాటి స్కైరిమ్ 2016లో, 2017లో, 2021లో కొత్త రూపాల్లో మళ్లీ అమ్ముడుపోయింది. ఇబ్బంది వేరేచోట ఉంది. ఒక్కసారి చూసే సన్నివేశానికి కూడా నటులు, యానిమేషన్, సంగీతం అన్నీ పూర్తిగా కావాలి. మల్టీప్లేయర్‌లో ఒక మ్యాప్ తయారైతే వేల గంటలు పనికొస్తుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 సంగతి చూడండి. 2013 సెప్టెంబరులో కథ, రెండు వారాలకు ఆన్‌లైన్. కథకు కొనసాగింపు వస్తుందని ఆ ఏడాదే చెప్పారు. ఆన్‌లైన్ ఏళ్ల తరబడి పెరుగుతూ పోయింది, కథకు ఒక్క అధ్యాయం కలవలేదు. కథా గేముల అభిమానుల అసలు కోపం ఇక్కడిదే, అది న్యాయమైనదే.

అయితే ఏళ్లు గడిచినా ఆడగలిగేది కథా గేమ్ ఒక్కటే అనడం కూడా తప్పే. డూమ్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామ్‌ను, 1997లో, క్వేక్ సోర్స్‌ను 1999లో విడుదల చేశారు. సర్వర్ ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి క్వేక్ ఇప్పటికీ ఆడుతున్నారు. మరోపక్క 2013 మార్చిలో వచ్చిన సిమ్‌సిటీని ఒంటరిగా ఆడాలన్నా సర్వర్‌కు కలవాల్సిందే. విడుదల రోజుల్లో సర్వర్లు కుప్పకూలి, డబ్బు కట్టినవాళ్లు వరుసల్లో నిలబడ్డారు. ఆఫ్‌లైన్ మోడ్ ఏడాది తర్వాత, 2014 మార్చిలో వచ్చింది. గేమ్ ఎంతకాలం ఉంటుందన్నది కథ ఉందా, జట్టు ఉందా అన్నదాని కంటే ఆడించే ప్రోగ్రామ్ ఎవరి కంప్యూటర్‌లో ఉందన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. కొనేముందు ఇది తెలుసుకోవాలి గానీ పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఎవరూ వేయరు. ఒకసారి ఆన్‌లైన్‌లో ఇన్‌స్టాల్ చేసి, నెట్ కేబుల్ తీసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి గేమ్ తెరిచి చూడటమే సులువైన పరీక్ష.

ఆ పరీక్షలో తప్పిన 2014 నాటి రేసింగ్ గేమ్ ద క్రూ వల్లే గొడవ చట్టసభల దాకా వెళ్లింది. ఒంటరిగా ఆడగల భాగం ఎంతో ఉన్నా, 2024 మార్చి 31న యూబీసాఫ్ట్ సర్వర్లు ఆపడంతో అదంతా ఒక్కసారిగా పోయింది. దీని మీద మొదలైన స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం యూరప్ పౌరుల అర్జీకి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటించింది. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ దుకాణం అమ్ముతున్నది గేమ్ కాదు, లైసెన్స్ మాత్రమే అని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. నెట్ లేకుండా శాశ్వతంగా వాడుకునేలా డౌన్‌లోడ్ చేసుకోగలిగేవాటికి ఆ నిబంధన వర్తించదు. ద క్రూ 2కు ఆఫ్‌లైన్ మోడ్ ఇస్తామని యూబీసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించి, 2025లో ఇచ్చింది. మొదటి ద క్రూను మాత్రం యూబీసాఫ్ట్ తిరిగి తేలేదు.