ఎంజీబీఎస్‌లో బస్సు దిగబోయే పిల్లలకు

కర్నూలు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటర్ అయిపోయింది. ఇక కోచింగనో కౌన్సెలింగనో మీలో చాలామంది హైదరాబాదు బస్సెక్కుతారు. మన బస్సులు ఎక్కువగా పోయి ఆగేది ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మా గాంధీ బస్ స్టేషనులో. ఆ బస్టాండును ఆనుకునే మెట్రో స్టేషను ఉంది. రెండు లైన్లు అక్కడ కలుస్తాయి, కొత్తవాళ్ళు తికమకపడేదీ అక్కడే.

ఎర్ర లైను మియాపూరుకూ ఎల్బీ నగరుకూ మధ్య తిరుగుతుంది. ఆకుపచ్చది జేబీఎస్ (సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషన్) నుంచి వచ్చి ఎంజీబీఎస్‌లో ఆగిపోతుంది. బోర్డుల మీద మీరు దిగే చోటు పేరు కోసం వెతకొద్దు, రైలు పోయే చివరి స్టేషను పేరు చూడండి. నంద్యాల బోర్డున్న బస్సెక్కి ఓర్వకల్లులో దిగమా, అట్లాగే. హైటెక్ సిటీకి పోవాలంటే మియాపూరు రైలెక్కి, తొమ్మిదో స్టేషను అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం పోయే నీలం లైను రైలు పట్టుకోవాలి. లైను మారేటప్పుడు గేటు దాటి బయటికి రావద్దు. వచ్చారంటే టికెట్టు అక్కడితో సరి, మళ్ళీ కొనాల్సిందే.

ఎక్కువమంది ఇబ్బంది పడేది టికెట్టు దగ్గరే. లోపలికి పోయేటప్పుడు చూపించిన క్యూఆర్‌నే దిగినాక బయటికొచ్చేటప్పుడూ చూపించాలి. నాలుగైదు గంటలు బస్సులో పాటలు వింటూ వస్తే ఫోను చార్జింగు అయిపోయి ఉంటుంది. దిగినచోట గేటు ముందు ఫోను ఆరిపోయిందా, ఇక సిబ్బందిని బతిమాలుకోవాలి. చార్జింగు తక్కువుంటే కౌంటరులో కాగితం టికెట్టు తీసుకోండి, మడతపెట్టకుండా పైజేబులో పెట్టుకోండి. ఫోనులోనే చూపిస్తే తెర వెలుతురు పెంచండి, మసగ్గా ఉంటే గేటు చదవదు. ఒక టికెట్టుకు ఒక్కరే దాటాలి. ముందువాళ్ళ వెనకాలే అతుక్కొని దూరితే రెక్కలు మూసుకొని మోకాళ్ళకు తగులుతాయి.

నేల మీద పసుప్పచ్చ పలకలు వరసగా పరిచి ఉంటాయి. వంగి చూడండి. కొన్నిటి మీద పొడుగు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి, కొన్నిటి మీద గుండ్రటి బొడిపెలు. గీతలంటే ఇటే నడవమని, బొడిపెలంటే ఆగమని. మెట్లొచ్చాయి, దారి మలుపు తిరిగింది, ప్లాట్‌ఫారం అంచు దగ్గరపడింది అని చూపులేనివాళ్ళ కాలికీ కర్రకూ అవే చెప్తాయి. అందుకే వాటి మీద బ్యాగు పెట్టడం నాకు గిట్టదు. చూపున్న మనం పక్కకు తప్పుకుంటాం, వాళ్ళు తట్టుకొని పడతారు.

ఎస్కలేటరు పక్కన బ్రష్షులాంటిది కనిపిస్తుంది. చెప్పులు తుడుచుకోవడానికని కాలు ఆనించేవాళ్ళున్నారు, అది దానికి కాదు. కదిలే మెట్టుకూ పక్క రేకుకూ నడుమ సందులోకి పాదం పోకుండా దూరం ఉంచడానికి పెట్టినది. లంగా కుచ్చిళ్ళు, చున్నీ అంచు, మెత్తటి రబ్బరు చెప్పులు ఆ సందులోనే ఇరుక్కుంటాయి. కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి పట్టుకోండి. పెద్ద సూట్‌కేసుంటే లిఫ్టులోనే పోండి.

పట్టాలు చూస్తే మన కర్నూలు స్టేషనులో కన్నా దగ్గరగా ఉంటాయి. మన రైలు పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు, మెట్రోది 1435. ఊరి నడుమ మలుపులెక్కువ, ఎడం తక్కువైతే బండి ఇరుకు మలుపు కూడా తేలిగ్గా తిరుగుతుంది. పైన తీగలో మాత్రం కరెంటు అక్కడా ఇక్కడా ఒకటే, 25,000 వోల్టులు. పట్టాల మీద ఏది పడినా దిగొద్దు, సిబ్బందికి చెప్పండి.

పని అయిపోయి తిరుగు బస్సుకు టైముంటే, అఫ్జల్‌గంజ్ దాకా నడవండి. దూరం లేదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు కాపాడుకున్నారని చెప్తారు. 2009 అక్టోబరులో తుంగభద్రా హంద్రీ కలిసి మనూళ్ళోకి వచ్చినప్పుడు మీ అమ్మానాయనలు మిద్దెలెక్కారు. ఆ కొమ్మలు ఎంత ఎత్తున ఉన్నాయో మీ కళ్ళతో చూసి రండి, ఇంటికొచ్చాక వాళ్ళకు చెప్పండి. చెట్టు కింద గట్టిగా మాట్లాడొద్దు, లోపల రోగులుంటారు.

ఇట్లు,
మీ తాత