'డివోటీ'లో దేవుడు ఉన్నాడా? అపోహలు – వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తానని తెలియగానే 'భక్తుడు' అనే అర్థమున్న ఇంగ్లీషు మాట 'డివోటీ' (devotee) గురించి చాలామంది అడిగేది ఇది: "డివోటీలో ఉన్నది మన 'దేవ'యే కదండీ?" వాట్సాప్‌లో బాగా తిరిగే ముచ్చట.

అపోహ: 'దేవ' నుంచే డివోటీ పుట్టింది.

వాస్తవం: కాదు. ఆ 'డి' లాటిన్ ఉపసర్గ. అసలు ధాతువు 'వొవేరె', అంటే మొక్కుకోవడం. చివరి 'ఈ' మాత్రం ఎంప్లాయీ, ట్రైనీలో ఉన్నదే. అలా 17వ శతాబ్దంలో ఇంగ్లీషులో తయారైన మాట ఇది. 'దేవ'కు నిజమైన చుట్టం కావాలంటే 'డివైన్' ఉంది. 'వొవేరె'కు సంస్కృతంలో చుట్టం వేరు: ఋగ్వేదంలోని 'వాఘత్', యజ్ఞం చేసేవాడు.

ఈ మొక్కు సంగతి మనకు కొత్తేం కాదు. రోమన్లు జబ్బు నయమైతే మట్టితో చేసిన కాలో, చెయ్యో గుడిలో సమర్పించేవారు. మనం వెండి కళ్ళు ఇస్తాం. వాళ్ళ బలిపీఠాల మీద 'వి.ఎస్.ఎల్.ఎమ్.' అని నాలుగక్షరాలు కనిపిస్తాయి. 'మొక్కు తీర్చాడు, ఇష్టంగా, న్యాయంగా' అని వాటి అర్థం. రసీదులాంటిదే!

అపోహ: మొదట్నుంచీ ఇది భక్తి నిండిన మంచి మాట.

వాస్తవం: దీని మూలం కొంచెం భయపెడుతుంది. క్రీ.పూ. 340లో పొరుగున ఉన్న లాటిన్ జనంతో యుద్ధంలో రోమన్ సైన్యం వెనక్కి తగ్గుతుంటే, కాన్సుల్ (రోమ్‌లో అత్యున్నత అధికారి) డేసియస్ ముస్ తల మీద ముసుగు వేసుకుని, ఈటె మీద నిలబడి, పూజారి చెప్పించిన మంత్రం పలికాడట. తనతోపాటు శత్రుసేననూ పాతాళ దేవతలకు అర్పించి, గుర్రమెక్కి వాళ్ళ మధ్యకు దూకి చనిపోయాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ తంతు పేరు 'డెవోటియో'. అందుకే లాటిన్‌లో 'డెవోటుస్' అంటే అంకితమైనవాడు, శాపం తగిలినవాడు కూడా.

అపోహ: ఓటుకీ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. 'వోటుమ్' అంటే మొక్కు, అదే ఇంగ్లీషులో 'ఓట్' అయింది. మనవాళ్ళు 'మొక్కుబడిగా ఓటేశాం' అన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఒకే మాట రెండుసార్లు అన్నట్టుంటుంది.

అపోహ: సినిమా ఫ్యాన్, సీలింగ్ ఫ్యాన్ ఒకటే మాట.

వాస్తవం: సీలింగ్ ఫ్యాన్ 'వన్నుస్' నుంచి, అంటే ధాన్యం తూర్పారబట్టే చేట. సినిమా ఫ్యాన్ 'ఫనాటిక్'కు పొట్టి రూపం. 'ఫనుమ్' అంటే గుడి. దేవుడు పూనినవాణ్ణి 'ఫనాటికుస్' అనేవారు. కటౌట్లకు పాలాభిషేకాలు చేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి.

డివోటీని 'భక్తుడు' అనడం తప్పు కాదు. కానీ భక్తుడి ధాతువు 'భజ్', వాటా పంచుకోవడం. 'భాగం' కూడా దాని నుంచే. నేను అనువదించే ఇంగ్లీషు రచనలో మొక్కు ప్రస్తావన ఉన్నచోట నేను 'మొక్కుకున్నవాడు' అనే రాస్తాను. ఎడిటర్లు ఒక్కోసారి దాన్ని కొట్టేసి 'భక్తుడు' చేస్తారు.