నీళ్ళ వంతు, ప్రార్థన వంతు: ఒక కాపరి చెప్పే అపోహలు – వాస్తవాలు

మాది నరసాపురం కాలువ కింద ఊరు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడి చర్చిలోనే సంఘకాపరిగా, అంటే పాస్టరుగా ఉన్నాను. జబ్బులు, అప్పులు, పెళ్ళి సంబంధాలు. వీటి తర్వాత ప్రార్థన మనవుల్లో ఎక్కువగా వినేది ఒకటే: "అయ్యగారండీ, టైం చాలట్లేదండి, ఒంట్లో ఓపిక ఉండట్లేదండి." ప్రార్థన చేస్తాను. చేశాక, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తున్నారో అడుగుతాను. అప్పుడు బయటపడే అపోహల్లో సగం మేం నేర్పినవే. మేమంటే, మైకు పట్టుకుని ప్రసంగాలు చెప్పేవాళ్ళం.

అపోహ: ఒళ్ళు హూనమయ్యేదాకా చేస్తేనే సేవ.

నేనూ అలాగే అనుకున్నాను. పన్నెండేళ్ళ క్రితం మే నెలలో రాత్రంతా ఉపవాస కూటం నడిపించి, తెల్లవారగానే పక్క ఊళ్ళో గృహప్రవేశ ప్రార్థనకి బయల్దేరాను. కాలువ గట్టు మీద బండి నడుపుతూ కునుకు తీశాను. బండీ నేనూ కలిసి కాలువలోకి. మరమ్మతులకి కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి మోకాలి లోతు బురదలో పడ్డాను. జూన్‌లో నీళ్ళు వదిలాక అయ్యుంటే ఈ మాటలు రాయడానికి ఉండేవాణ్ణి కాదు. బురద కడిగి, మోచేతికి పసుపు అద్దుతూ మా ఆవిడ అడిగింది: "ఏవండీ, ఆదివారం సాక్ష్యంలో దేవుడు కాపాడాడని చెబుతారా, బండి మీద నిద్రపోయానని చెబుతారా?"

మొదటిదే చెప్పాను. రెండోది చెప్పడానికి ఏడాది పట్టింది.

వాస్తవం: నిర్గమకాండం 18వ అధ్యాయం చూడండి. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీరుస్తున్నాడు. మామ యిత్రో వచ్చి చూసి, ఎంత భక్తి అని మెచ్చుకోలేదు. నువ్వు చేస్తున్న పని మంచిది కాదు, నువ్వూ నలుగుతావు, ఈ జనమూ నలుగుతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కణ్ణి పెట్టమన్నాడు.

మన డెల్టా వాళ్ళకి ఇది కొత్తగా చెప్పాలా? దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి నీళ్ళు తగ్గితే వంతులవారీ పెడతారు. అన్ని తూములూ ఒకేసారి ఎత్తేస్తే ఎగువ చేలు నిండుతాయి, కాలువ చివరనున్న శివారు ఎండుతుంది. నా శివారు మా ఇల్లే. ఊరందరితో ఓపిగ్గా మాట్లాడి ఇంటికొచ్చేసరికి, పిల్లాడు లెక్క చెప్పమంటే కసిరేవాణ్ణి. నీళ్ళన్నీ ఎగువే అయిపోయేవి.

ఇప్పుడు నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. సంఘంలో యాభై నాలుగు కుటుంబాలు. సోమవారం తీసేస్తే ఆరు రోజులు, రోజుకి తొమ్మిది ఇళ్ళు. ఆ రోజు ఆ తొమ్మిది ఇళ్ళ కోసం పేరు పేరునా ప్రార్థన, వీలైతే ఒకటి రెండు ఇళ్ళకి వెళ్ళడం. చావులకీ ఆసుపత్రులకీ వంతు లేదు, అది వేరే. మొదట్లో ఇద్దరు ముగ్గురు అలిగారు. అయ్యగారికి మా మీద ప్రేమ తగ్గిందన్నారు. వాళ్ళ వంతు నాడు గంటసేపు కదలకుండా కూర్చున్నాక అలక తీరింది.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి చేసిందే ప్రార్థన.

మా సంఘంలో ఒకావిడ రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. అయిదున్నరకే బస్సు వస్తుంది. అంతకుముందే వంట, క్యారేజీ, అత్తగారికి మాత్రలు. "ఆయ్, నాలుక్కే లేత్తానండి, కానీ మోకరిత్తే నిద్రొచ్చేత్తందండి, పాపమేమోనండి" అంది. మగాళ్ళు కొందరికి చెరువు కాపలా. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామునే బాగా పడిపోతుంది కాబట్టి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు చూసుకుంటూ ఆ వేళప్పుడు గట్టు మీదే ఉంటారు. వాళ్ళని ఆరాధనకి రాలేదని వేలెత్తి చూపిన కాపరుల్లో నేనూ ఒకణ్ణి.

వాస్తవం: యేసు పెందలాడే లేచి ఏకాంతంగా ప్రార్థించాడని మార్కు రాశాడు, నిజమే. రాత్రంతా ప్రార్థించాడని లూకా రాశాడు. జనాన్ని పంపేశాక సాయంత్రం కొండెక్కాడని మత్తయి రాశాడు. గడియారం పెట్టినవాళ్ళం మనం. ఆవిడకి ఒకటే చెప్పాను: బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక్క కీర్తన మనసులో అనుకుని, కళ్ళు మూసుకోండి. నిద్ర పడితే పట్టనీయండి. తుపానులో దోనె ఊగిపోతుంటే దాని వెనక భాగంలో, అమరం మీద తలగడ వేసుకుని నిద్రపోయిన ప్రభువు, మీ నిద్రకి కోప్పడడు.

అపోహ: విశ్వాసికి నీరసం, దిగులు రావు. వస్తే విశ్వాసం తక్కువ.

వాస్తవం: కర్మెలు కొండ మీద గెలిచిన ఏలీయా ప్రవక్త, ఆ వెంటనే ప్రాణభయంతో పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి చచ్చిపోతానన్నాడు. దేవదూత ప్రసంగం చెప్పలేదు. తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పమూ నీళ్ళూ ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. వారాల తరబడి నిద్ర పట్టక, ఏడుపు ఆగక ఉంటే నేను ప్రార్థన చేసి ఊరుకోను. డాక్టరు దగ్గరికి పంపుతాను, అవసరమైతే తోడు వెళ్తాను. రక్తహీనత ఉన్న మనిషిని ఆత్మీయంగా బలహీనులనడం తప్పు.

అపోహ: ఉపవాసమంటే షుగరు మాత్ర కూడా మానాలి.

వాస్తవం: మానకూడదు. షుగరు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఉపవాసమే పెట్టుకోవద్దు. ఫోను మానండి, అదీ ఉపవాసమే.

అపోహ: పనులన్నీ తెమిలాక విశ్రాంతి.

వాస్తవం: నిర్గమకాండం 34వ అధ్యాయం 21వ వచనం మన రైతులు గోడకి రాసుకోవాలి. దున్నే కాలమైనా, కోత కాలమైనా ఏడో రోజు విశ్రమించమని ఉంది. కోతకాలం అని విడిగా ఎందుకు చెప్పాడంటే, అప్పుడే మనం మానేస్తాం కాబట్టి. ద్వితీయోపదేశకాండం ఇంకో అడుగు ముందుకేసి, నీలాగే నీ దాసుడూ నీ దాసీ కూడా విశ్రమించాలంది. తను తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకొచ్చి, కూలీల్ని చేలో దింపే ఆసామికి ఈ మాట ఇష్టముండదు. నాకు తెలుసు, చెప్పి చూశాను.

చేల దాకా ఎందుకు, వంటింట్లోనే చూడండి. మన ఇళ్ళల్లో ఆదివారమంటే మగాళ్ళకి విశ్రాంతి, ఆడాళ్ళకి కోడికూర. ఆరాధన సాగుతుంటే వాళ్ళ చూపు గోడ గడియారం మీదే. యేసు ఇంటికొచ్చిన పూట పనులతో సతమతమైన మార్త తొందరని వెక్కిరిస్తూ నేను చెప్పిన ప్రసంగాలకి లెక్కలేదు. ఆ పూట మార్త వండింది తిన్నదెవరో ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం పచ్చడి, పెరుగన్నం, గుడ్డు. కోడి శనివారం రాత్రికి మారింది, కోసేదీ కడిగేదీ నేనే.

కాపరికి ఆదివారమే పనిదినం కాబట్టి నా విశ్రాంతి సోమవారం. ఫోను ఆపేస్తాను. మొన్న సోమవారం మా ఆవిడ ఫోనుకి కబురొచ్చింది, చెరువు వీధిలో ఒక పెద్దాయన పోయారని. వెళ్ళాను. సమాధి కార్యక్రమం అయ్యేసరికి చీకటి పడింది. మంగళవారం వంతు ఉన్న తొమ్మిది ఇళ్ళకీ రాలేనని కబురు పెట్టి, పడుకున్నాను.