ఓడ నాణెం నల్లగా ఉంటే తోమకండి

“మునిగిన ఓడ నాణెం కొన్నాను, నల్లగా ఉంది, దేనితో తోమాలి?” ఫ్లోరిడాలో పాత నాణేలు పరీక్షించే నన్ను అందరూ అడిగేది ఇదే. దేనితోనూ వద్దు.

అపోహ: నలుపంటే మురికి.

వాస్తవం: అది మీ వెండే. 1622లో తుపానుకు మునిగిన స్పెయిన్ ఓడ అటోచా ప్రధాన నిధి 1985 దాకా సముద్రం అడుగునే ఉండిపోయింది. ఇసుకలోని బ్యాక్టీరియా వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు నాణెం పైపొర నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా మారింది. ముద్ర ఉన్నదీ ఆ పొరలోనే. ల్యాబులో కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి కొద్దిపాటి కరెంటు పంపితే అందులో కొంత తిరిగి వెండి అవుతుంది. చింతపండుతో అయ్యే పని కాదు.

పోయినేడు ఒక తెలుగబ్బాయి అటోచాలో దొరికిన ఎనిమిది రియాళ్ల పాత స్పెయిన్ వెండి నాణెం అమ్ముదామని తెచ్చాడు. ఇండియా నుంచి వచ్చిన వాళ్లమ్మగారు వరలక్ష్మీ వ్రతానికి పీట మీద పెడదామని చింతపండు, పళ్లపొడి వేసి తళతళలాడేలా తోమారు. నాణెంతో వచ్చిన ధ్రువీకరణ పత్రం మీది ఫొటోలో డాలు పక్కన పొతోసి (ఇప్పటి బొలీవియా) టంకశాల ‘పి’ గుర్తు, దాని కింద వెండి పరీక్షకుడి అక్షరం స్పష్టంగా ఉన్నాయి. నాణెం మీద అక్కడ వేలు నున్నగా జారిపోయింది. ఫొటోతో పోలని నాణేనికి ఆ పత్రం ఉండి ఏం లాభం?

మిగతావి గబగబా చెబుతాను. బరువు తగ్గితే నకిలీ అనుకోకండి. టంకశాలలో సుమారు 27 గ్రాములున్న ఎనిమిది రియాళ్ల నాణేన్ని సముద్రం తినేసి ఉండవచ్చు. అంచు చుట్టూ అచ్చులో పోసినప్పుడు పడే అతుకు గీత, బుడగల గుంటలు కనిపిస్తే అప్పుడు అనుమానించండి. వంకరగా ఉందంటారా? సుత్తితో కొట్టిన నాణెం గుండ్రంగా ఎలా వస్తుంది! ఓడలో దొరికినవన్నీ అరుదైనవి అన్నది వట్టి పుకారు. 1784లో మునిగిన స్పెయిన్ ఓడ ఎల్ కసడోర్ నాలుగున్నర లక్షల పెసోల వెండి నాణేలు మోసుకెళ్లింది. 1993లో అది చేపల వలకు తగిలాక ఆ నాణేలు బోలెడు అమ్మకానికి వచ్చాయి.

ఆ రోజు అమ్మగారు ఫోనులో “నా వల్లే పాడైందా బాబూ?” అని మెల్లగా అడిగారు. ఇంట్లో వెండి సామాను తోమినట్టే తోమారు, ఆవిడకు మాత్రం ఏం తెలుసు? పీట మీదే ఉంచుకోండమ్మా అన్నాను. అమ్మే బేరం ఎలాగూ పోయింది.