శ్రేణి మొత్తం కనుక్కునే ప్రోగ్రాము: అపోహలు - వాస్తవాలు

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి తొలి రోజుల్లోనే శ్రేణి (ఒక క్రమంలో వచ్చే సంఖ్యల, అంటే పదాల కూడిక) మొత్తం కనుక్కోమనే లెక్క ఎదురవుతుంది. దాని దగ్గరే ధైర్యం వదిలేసుకునే విద్యార్థులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వారిని ఆపేది లెక్క కాదు, ఈ అపోహలే.

అపోహ: గణితంలో దిట్ట అయితేనే ఇది సాధ్యం.

వాస్తవం: మొదటి నాలుగు పదాలు కాగితం మీద రాసి, ఒకదాని నుంచి మరొకదానికి ఏది మారుతోందో గమనిస్తే చాలు.

అపోహ: సూత్రం ఎలా ఉంటే ప్రోగ్రామునూ అలాగే రాయాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. 1 + 1/1! + 1/2! + 1/3! + … శ్రేణినే తీసుకోండి. ఇందులో 3! అంటే 1 × 2 × 3; దీన్నే ఫ్యాక్టోరియల్ అంటారు. చాలామంది ప్రతి పదానికీ ఫ్యాక్టోరియల్‌ను మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారు. అందుకోసం లూపులో (ఒకే పనిని పదే పదే చేయించే ఆదేశంలో) ఇంకో లూపు రాస్తారు. 32 బిట్ల పూర్ణాంకంలో 12! వరకే పడుతుంది, 13! విలువ 622 కోట్లు దాటుతుంది, పరిమితి సుమారు 214 కోట్లే. జావా భాషలో అయితే ఏ హెచ్చరికా లేకుండా తప్పు సంఖ్య వచ్చి కూర్చుంటుంది. నిజానికి 1/3! అంటే 1/2!ను 3తో భాగించడమే కదా! ముందు పదాన్ని, భిన్నభాగమున్న సంఖ్యను దాచుకునే ఒక దశాంశ వేరియబుల్‌లో ఉంచుకుని తర్వాతి సంఖ్యతో భాగిస్తూ పోండి. ఒక్క లూపు సరిపోతుంది, ఫ్యాక్టోరియల్ ఊసే ఉండదు. పది పదాలకే 2.7182815 వస్తుంది; ఆరు దశాంశ స్థానాలు సరైనవే. గుర్తులు (+, −) మారే శ్రేణిలోనూ అంతే: ప్రతిసారీ −1తో గుణిస్తే చాలు, ఘాతాలు అక్కర్లేదు.

అపోహ: ఎర్రర్ రాలేదు కాబట్టి జవాబు సరైనదే.

వాస్తవం: 1 + 1/2 + 1/3 మొత్తాన్ని సీ భాషలో పూర్ణాంకాలతోనే రాస్తే జవాబు 1. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగించినప్పుడు అక్కడ భిన్నభాగం పోతుంది. లవంలో 1కి బదులు 1.0 రాయండి. పైథాన్ 3లో మామూలు భాగహారానికి ఈ చిక్కు లేదు. ఏ భాషైనా, చేత్తో కట్టిన 1.8333తో ఒకసారి పోల్చి చూడండి.

అపోహ: ఎన్ని పదాలు కలిపితే అంత కచ్చితత్వం.

వాస్తవం: అది శ్రేణిని బట్టి ఉంటుంది. జర్మన్ గణితజ్ఞుడు లైబ్నిజ్ కంటే ముందే కేరళ గణితజ్ఞులకు తెలిసిన 4 × (1 − 1/3 + 1/5 − …) శ్రేణి 'పై' విలువకు చేరుతుంది, కానీ చాలా నెమ్మదిగా. వెయ్యి పదాలు కలిపినా 3.14059 దగ్గరే ఉంటుంది. ఇక 1 + 1/2 + 1/3 + … మొత్తానికి గణితంలో హద్దే లేదు. అయినా 32 బిట్ల దశాంశ వేరియబుల్‌లో వరుసగా కలుపుతూ పోతే, సుమారు 21 లక్షల పదాల తర్వాత 15.4 దగ్గర ఆగిపోతుంది. కొత్త పదం అంత పెద్ద మొత్తాన్ని కదపలేనంత చిన్నది. అందుకే ఇలాంటి లెక్కల్లో చివరి పదం నుంచి వెనక్కి కలుపుతూ రమ్మంటాను: చిన్నవి ముందే పోగవుతాయి, జవాబు అసలు విలువకు దగ్గరగా వస్తుంది.