సైలెన్సర్ మార్చగానే పవర్ రాదు: చిన్న క్రూయిజర్ మాడిఫికేషన్‌పై అపోహలు - వాస్తవాలు

చిన్న క్రూయిజర్లు (సీటు కిందికి, హ్యాండిల్ వెడల్పుగా ఉండి తీరిగ్గా నడిపే మోటార్ సైకిళ్లు) ఇంట్లో పని చేసుకోవడానికి అనువైన బళ్లు. ఇంజిన్ బయటికే ఉంటుంది, బోల్టులు చేతికందుతాయి, మామూలు స్పానర్ సెట్టుతోనే చాలా పని అయిపోతుంది. అందుకే అందరూ ముందు సైలెన్సర్ మీద, ఎయిర్ ఫిల్టర్ మీద చెయ్యి వేస్తారు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న: "సౌండ్ అదిరింది, కానీ పికప్ తగ్గింది, టప్ టప్ అంటోంది, ఎందుకు?" పనిలో రోజూ ఎదురయ్యే ఈ అపోహ సంగతే ముందు తేల్చాలి. మిగతా వాటికన్నా ఎక్కువ ఇంజిన్లను పాడు చేసేది ఇదే.

అపోహ: ఫ్రీ ఫ్లో సైలెన్సర్ (పొగకు అడ్డు తక్కువగా ఉండేది), కోన్ ఫిల్టర్ (కార్బురేటర్ మూతికే తగిలించే శంకువు ఆకారపు ఎయిర్ ఫిల్టర్) పెడితే పవర్ దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది గాలి. దానికి తగ్గ పెట్రోలు మీరు ఇవ్వకపోతే మిక్స్చర్ లీన్ అవుతుంది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), అంతే. పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో దానికి 14.7 రెట్ల గాలి కావాలి. ఇంజిన్ నిండుగా లాగాలంటే అంతకన్నా కాస్త రిచ్‌గా (పెట్రోలు ఎక్కువగా), 13 దగ్గర ఉండాలి. లీన్ మిక్స్చర్ నెమ్మదిగా మండుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునే సమయానికి కూడా మంట ఆరదు, ఆ వేడంతా వాల్వ్ మీద, దాని సీటు మీద పడుతుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజిన్‌కు ఆ వేడిని వదిలించుకునే దారి తక్కువ. ఎత్తు రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్‌లో లాగిస్తే నాకింగ్ (మిక్స్చర్ దానంతటదే పేలి లోపల కొట్టుకోవడం) మొదలవుతుంది, తర్వాత పిస్టన్ వంతు.

సైలెన్సర్ ఒక్కటే మారిస్తే తేడా చిన్నదే, చాలా బళ్లలో కార్బురేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) మీదుండే పైలట్ స్క్రూ సర్దితే సరిపోతుంది. ఎయిర్ బాక్స్ (కంపెనీ ఫిల్టర్ ఉండే పెట్టె) తీసేసి కోన్ ఫిల్టర్ పెట్టినప్పుడే అసలు గొడవ. క్రూయిజర్లలో ఎక్కువగా ఉండే వాక్యూమ్ కార్బురేటర్‌లో స్లైడ్‌ను (గాలి దారిని తెరిచే, మూసే ముక్కను) లేపేది మీ చెయ్యి కాదు, ఒత్తిడి తేడా. ఎయిర్ బాక్స్‌లోని నిలకడైన గాలిని లెక్కలోకి తీసుకునే దాన్ని తయారు చేశారు. దానికి తోడు, కోన్ ఫిల్టర్ రబ్బరు పెదవి కార్బురేటర్ మూతి దగ్గరున్న సన్నటి గాలి రంధ్రాలను మూసేయొచ్చు. ఇది చూడకుండా జెట్లు (పెట్రోలును కొలిచి వదిలే సన్నటి రంధ్రాల ముక్కలు) ఎన్ని మార్చినా బండి దారికి రాదు. రబ్బరు లోపలి అంచు ఆ రంధ్రాలకు అడ్డంగా ఉంటే ఆ ఫిల్టర్ ఆ కార్బురేటర్‌కు పనికిరాదు. మా సలహా అయితే చిన్న ఇంజిన్‌కు ఎయిర్ బాక్స్ ఉంచేయమనే.

ఇక జెట్టింగ్, అంటే జెట్లు మార్చి మిక్స్చర్ సర్దడం. యాక్సిలరేటర్ గ్రిప్ మీద, పక్కనున్న హౌసింగ్ మీద టేపు అంటించి మూసి ఉన్న చోటు, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు పెట్టండి. మూసి ఉన్నప్పటి నుంచి పావు వరకు పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ (స్లైడ్‌కు వేలాడే సూది), ఆ పైన మెయిన్ జెట్ పెత్తనం చేస్తాయి. మధ్యలో ఒకదాని పనిలోకి ఇంకొకటి వస్తుంది కానీ, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఈ లెక్క చాలు. వాక్యూమ్ కార్బురేటర్‌లో మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి, తర్వాత నీడిల్, చివర పైలట్. ఒకసారికి ఒకటే మార్చండి.

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీగా, సురక్షితంగా ఉన్న చోట పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి, కాస్త వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పినప్పుడు బండి ముందుకు ఉరికితే మెయిన్ జెట్ చిన్నది. తడబడుతూ బరువుగా లాగితే పెద్దది. ఒక్కో సైజు చొప్పున పెంచండి: 110 ఉంటే 112.5, అప్పుడు 115. మికుని అంకె, కీహిన్ అంకె ఒకటి కావు, ఒక కంపెనీ కార్బురేటర్‌లో ఇంకో కంపెనీ జెట్ పెట్టి అంకెలు పోల్చకండి. నీడిల్‌కు గాడులు ఉంటే క్లిప్పును ఒక గాడి కిందికి దించండి, నీడిల్ పైకి లేచి రిచ్ అవుతుంది. గాడులు లేకపోతే నీడిల్ తల కింద 0.5 మి.మీ. మందం వాషర్ ఒకటి వేస్తే చాలు.

పైలట్ స్క్రూను ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో లెక్కపెట్టి రాసుకోండి. బిగించారా, మొన విరిగి కార్బురేటర్‌లోనే ఉండిపోతుంది. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్. ఈ తేడా తెలియక సరిగ్గా తలకిందులుగా సర్దేవాళ్లు చాలామంది.

యాక్సిలరేటర్ వదిలాక ఆర్పీఎం వెంటనే దిగకుండా పైనే వేలాడుతుంటే పైలట్ లీన్, లేదా కార్బురేటర్‌కూ హెడ్‌కూ మధ్య రబ్బరులో గాలి లీక్. జెట్ కొనేముందు ఆ రబ్బరు మీద నీళ్లు స్ప్రే చేసి చూడండి. ఐడ్లింగ్ మారితే లీక్ అక్కడే ఉంది.

కంగారు పడేవాళ్లకు ఒక మాట. గేరులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు టప్ టప్ అన్నంత మాత్రాన ఇంజిన్ పోయినట్టు కాదు. చాలాసార్లు అది హెడ్ దగ్గర పైపు ప్యాకింగ్ సరిగ్గా కూర్చోక బయటి గాలిని పీల్చడం వల్ల వస్తుంది. పైపు విప్పిన ప్రతిసారీ కొత్త ప్యాకింగ్ వేసి, రెండు నట్లను కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. అలాగే ఒకే పొర ఉన్న క్రోమ్ పైపు హెడ్ దగ్గర నీలం తిరగడం మామూలే. దాన్ని ఒక్కదాన్నే చూసి లీన్ అని తేల్చకండి. నిజంగా భయపడాల్సింది ప్లగ్ పింగాణీ తెల్లగా పాలిపోయి, దానిమీద మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే. అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. ఆ బండిని ఇంక నడపకండి.

అపోహ: ఇంజెక్షన్ బండి (కార్బురేటర్ లేనిది) అయితే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్, అంతా సర్దుకుంటుంది.

ఆక్సిజన్ సెన్సర్ ఉంటే నిలకడగా, తేలిగ్గా పోతున్నప్పుడు మాత్రం కొంత సర్దుతుంది. పూర్తి యాక్సిలరేటర్‌లో అది ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారమే పెట్రోలు పోస్తుంది. బ్యాటరీ తీసి పెడితే "నేర్చుకుంటుంది" అన్న ప్రచారం నమ్మకండి, ఆ పట్టిక అలాగే ఉంటుంది. కొత్త పైపుకు సెన్సర్ బిగించే చోటు లేకపోతే అసలు కొనొద్దు.

అపోహ: పొట్టి షాక్ అబ్జార్బర్లు వేస్తే బండి కిందికి దిగుతుంది, ఇంకేం మారదు.

వెనక 25 మి.మీ. దించితే స్టీరింగ్ బరువెక్కుతుంది, హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, సైడ్ స్టాండ్ మీద బండి దాదాపు నిటారుగా నిలబడి అవతలి వైపు పడిపోతుంది. అన్నిటికన్నా ప్రమాదం మడ్‌గార్డ్ దగ్గర. షాక్‌లు విప్పి, స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని పట్టుకునే చేతులను) చేత్తో పైకెత్తి, కొత్త షాక్ పూర్తిగా నొక్కుకుంటే ఎంత పొడవుంటుందో అక్కడిదాకా తీసుకెళ్లండి. టైరు మడ్‌గార్డ్‌కు గానీ, లోపలి బోల్టు మొనకు గానీ, వైరుకు గానీ తగులుతుందేమో చూడండి. ఖాళీ బండి మీద కూర్చుని చూస్తే ఇది తెలియదు, వెనక మనిషి ఎక్కి గోతిలో పడ్డప్పుడు తెలుస్తుంది.

అపోహ: ఎత్తు హ్యాండిల్ బార్‌కు పాత కేబుళ్లు లాగితే సరిపోతాయి.

లాగితే సరిపోవు. బిగించాక బండి న్యూట్రల్‌లో, ఐడ్లింగ్‌లో ఉండగా హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పండి. ఆర్పీఎం ఏమాత్రం పెరిగినా యాక్సిలరేటర్ కేబుల్ పొట్టిది. మలుపులో బండి తనంతట తానే ఉరకడం అంటే ఇదే. బ్రేక్ హోస్‌ను ఎప్పుడూ సాగదీయొద్దు. పొడవైనది వేసి, బ్యాంజో బోల్టు (హోస్ కొసను బిగించే బోలు బోల్టు) దగ్గర హోస్ కొసకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు పెట్టి, గాలి బుడగలు పూర్తిగా పోయేదాకా బ్లీడ్ చేయండి.

వైరింగ్‌లో చెప్పాల్సింది కొంచెమే. 60 వాట్ల ల్యాంపు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగుతుంది. ఇలాంటి కొత్త ల్యాంపు ఒక్కటి వేస్తే, ఆ కరెంటు కంపెనీ స్విచ్చు గుండా పోకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) పెట్టి, 7.5 ఆంపియర్ల ఫ్యూజును బ్యాటరీ పక్కనే వేయండి. ఫ్యూజు లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు రాసుకుపోయినప్పుడు అది కాపాడదు. ఎల్‌ఈడీ ఇండికేటర్లు వేగంగా కొట్టుకుంటే అది లోపం కాదు, లోడు తగ్గింది. ఎల్‌ఈడీ ఫ్లాషర్ వేస్తే సర్దుకుంటుంది.

లావు టైరు వేస్తే గ్రిప్పు పెరుగుతుందంటారు. రిమ్ వెడల్పు అదే ఉంటే టైరు నడుము నొక్కుకుపోయి గుండ్రనవుతుంది, మలుపులో నడత పాడవుతుంది, చైను పక్కన రాసుకోవచ్చు.

తీసేసిన జెట్లు, నీడిల్ క్లిప్పు, పాత ప్యాకింగులు పారేయకండి. చిన్న సంచిలో వేసి, జెట్ అంకె, స్క్రూ చుట్ల లెక్క, మార్చిన తేదీ చీటీ మీద రాసి అందులోనే పెట్టండి. ఆరు నెలల తర్వాత బండి మొరాయించినప్పుడు ఎవరు విప్పినా ముందు అడిగేది ఆ చీటీనే.